ఏ రక్తమో ఎవరూ అడగలేదు

2018 జూలై 11, బుధవారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఆ పొట్లం నా బల్ల మీదికి వచ్చింది. ఆ సంవత్సరం డైరీలో గంట రాసి ఉంది. దాని పక్కనే చిన్న అక్షరాలతో ‘మబ్బు ఉంది, వాన లేదు’ అని కూడా ఉంది. కర్నూలులో జూలై మబ్బు అంతే. మిద్దె మీద ఆరేసిన బట్టలన్నీ మనచేత తీయించి, తుంగభద్ర దాటి తన దారిన తాను పోతుంది.

నేను నేర పరిశోధన ల్యాబులో ముప్పై రెండేళ్ళ ఏడు నెలలు పనిచేశాను. పోలీసులు పంపే గుడ్డలు, కొడవళ్ళు, చెప్పులు, చాపముక్కలు మాకు వచ్చేవి. వాటి మీది మరక రక్తమా, ఉమ్మా, చెమటా, మరొకటా అని తేల్చడం నా పని. ఎవరిదన్నది పై అంతస్తులో డీఎన్ఏ చూసేవాళ్ళు తేలుస్తారు. రెండూ కలిపి రిపోర్టు రాసి సంతకం పెట్టేది మళ్ళీ నేనే. నా లెక్కల పిచ్చి మా అటెండరుకు బాగా తెలుసు. ఆ రోజు పొట్లం మీది లక్క ముద్రలు నేను వేలితో తాకుతూ లెక్కపెడుతుంటే అన్నాడు.

“మేడం, మన ఫ్యానుకు రెక్కలు ఎన్నో అవి గూడా రాసుకున్యారా?”

“మూడు. ఒకటి వంగింది.”

“వంగింది నాకు తెల్దే,” అని పైకి చూశాడు. నిజంగానే వంగి ఉంది.

ముద్రలు ఐదు. ఏదీ పగల్లేదు. లోపల ఒక చీరముక్క, ఒక ఉత్తరం ఉన్నాయి. ఉత్తరంలో సంగతి ఇది. కడప జిల్లాలో బండల గనుల వైపు ఒక ఊళ్ళో ఇరవై రెండేళ్ళ కోడలు జూన్ నెలలో కనబడకుండా పోయింది. భర్త లారీ మీద వేరే రాష్ట్రం పోయి పది రోజులైంది. ఇంట్లో ఉన్నది అత్త ఒక్కతే. ముందు రోజు సాయంత్రం అత్తాకోడళ్ళు గట్టిగా అరుచుకోవడం వీధిలో అందరూ విన్నారు. పోలీసులు ఇల్లు వెతికితే గోడకూ పైకప్పు బండలకూ మధ్య సందులో, లోపలికి తోసి దాచిన ఈ గుడ్డ దొరికింది. మడతల నిండా నల్లబడిన రక్తం. జూన్ 26న అత్తను పట్టుకున్నారు. కోడలిని చంపిందని కేసు. శవం దొరకలేదు. వాళ్ళ చేతిలో ఉన్నదల్లా ఈ గుడ్డ.

మమ్మల్ని అడిగిన ప్రశ్నలు మూడు. ఇది రక్తమేనా? మనిషి రక్తమేనా? కనబడకుండా పోయిన ఆ అమ్మాయిదేనా?

గుడ్డ పరిచాను. పొడవు 44 సెంటీమీటర్లు, వెడల్పు 30. చిలకపచ్చ నూలు చీర. చాలాసార్లు ఉతికి ఉతికి రంగు పోయి, నీళ్ళలో చూసిన ఆకులా ఉంది. పొడవునా మూడు మడతలు పడ్డాయి. ఆ మడతలు ఇప్పటివి కావు. నెలనెలా అదే చోట మడిచి మడిచి, ఇస్త్రీ పెట్టినా పోని గీతలైపోయాయి. రెండు కొసల్లో నాడా కట్టిన ముడతలు ఉన్నాయి. మరక మధ్యలో నిలువుగా ఉంది. అంచుల్లో పాత మరకల నీడలు, ఉతికినా పూర్తిగా పోనివి, ఒకదాని వెనక ఒకటి కొండల వరసలా కనిపించాయి.

ఆ క్షణం మా ల్యాబు గది నాకు కనబడలేదు. బనగానపల్లె దగ్గర మా పుట్టింటి వెనక దొడ్డి కనబడింది. మామిడిపూత వాసన, తడిసిన కట్టెల వాసన. మా అమ్మ దడి మీద పాత లంగా ఆరేసేది. ఆ లంగా కింద మరొకటి ఆరేది. పైకి లంగా మాత్రమే కనిపించాలి. మగవాళ్ళ కంట పడకూడదు, పాము దాటకూడదు, దాటితే కడుపు పండదు అనేది. నాకు పన్నెండేళ్ళు నిండిన తర్వాత మూడో నెల, నా గుడ్డ ఎక్కడ పెట్టుకోవాలో చేయి పట్టి చూపించింది. గోడకూ పై బండలకూ మధ్య సందు.

గుడ్డ చూడగానే అదేమిటో నాకు తెలిసింది. ఈ మాట ఇక్కడ ముందే రాసిపెడుతున్నాను.

మరకలోంచి ఒక సెంటీమీటరు ముక్క కత్తిరించి నీళ్ళలో నానబెట్టి, వడపోత కాగితం మీద అద్ది, మందు రెండు చుక్కలు వేశాను. మూడు సెకన్లలో కాగితం గులాబీ రంగుకు తిరిగింది. ముప్పై రెండేళ్ళు చూసినా ఆ రంగు నాకు పాతబడలేదు. మంత్రాలయం దగ్గర తెల్లవారుజామున నది నీళ్ళ మీదికి అలాంటి రంగే వస్తుంది. వచ్చినట్టే ఉంటుంది, చూస్తుండగా ముదిరిపోతుంది. రక్తమే. తర్వాతి పరీక్షలో మనిషి రక్తమే అని తేలింది. అమ్మాయి తల్లిదండ్రుల బుగ్గ లోపలి నుంచి తీసిన నమూనాలతో పోల్చి, ఈ రక్తం వాళ్ళ బిడ్డదే అని పై అంతస్తువాళ్ళు గీతల కాగితం పంపారు.

మధ్యలో ఒక రోజు, ఎవరూ అడక్కపోయినా, నానబెట్టిన ముక్కలోంచి ఒక చుక్క గాజుపలక మీద వేసి అయోడిన్ పట్టించి సూక్ష్మదర్శినిలో చూశాను. పాత పద్ధతి. మా పై అధికారి నాకు నేర్పింది. ఎండిన చెరువు అడుగున మట్టి పెళ్ళలు లేచినట్టు, వెడల్పాటి పలచని కణాలు గుంపులు గుంపులుగా, గోధుమ రంగు పట్టి కనిపించాయి. చేతికి కత్తి తగిలి కారే రక్తంలో అవి అన్ని ఉండవు. ఆడదాని శరీరం లోపలి పొరల నుంచి నెలనెలా రాలేవి అవి. ఈ పరీక్ష ఒక్కదాన్ని పట్టుకుని కోర్టులో ప్రమాణం చేయలేమని కూడా నాకు తెలుసు. నా సొంత నోటుబుక్కులో ‘పలచ కణాలు, చాలా’ అని రాసుకున్నాను.

అక్టోబరు 9, మంగళవారం రిపోర్టు మీద సంతకం పెట్టాను. మూడు ప్రశ్నలకు మూడు జవాబులు. అవును, అవును, అవును. అడిగినదానికే చెప్పాలి, అడగనిది రాయకూడదన్నది నేను ముప్పై ఏళ్ళు పాటించిన పద్ధతి. కొత్తగా చేరినవాళ్ళకు నేనే నేర్పిన పద్ధతి. ఎవరి రక్తమో వాళ్ళు అడిగారు. ఏ రక్తమో అడగలేదు.

సంతకం ఎండడానికి కాగితం ఫ్యాను కింద పెట్టాను. వంగిన రెక్క గాలికి అది లేస్తూ వాలుతూ ఉంది.

ఆ తర్వాత నుంచి నాకొక కల మొదలైంది. మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీసినప్పుడు మాత్రమే వచ్చేది. కడప బండలు నేలంతా పరిచి ఉంటాయి, ఆకాశం ఆనే దాకా. నల్లగా, నున్నగా, కాలు పెడితే చల్లగా. ప్రతి బండ మీదా ఒక గుడ్డ, దాని మీద మరో గుడ్డ కప్పకుండా, ఎండకు విప్పి పరిచి ఉంటుంది. పచ్చవి, ఎర్రవి, పూల చీరలవి. నేను వరస వరసా లెక్కపెడుతూ పోతాను. ఎక్కడో ఒక చోట లెక్క తప్పుతుంది. వెనక్కి తిరిగి చూస్తే మొదటి వరస ఏదో తెలియదు. మెలకువ వచ్చాక కూడా కాసేపు వేళ్ళు కదులుతూ ఉండేవి. మెలకువలో నేను ఎన్నడూ లెక్క తప్పినదాన్ని కాను.

2019 మార్చి 31న ఉద్యోగం అయిపోయింది. ఆ ఆగస్టులో కడప కోర్టు నుంచి పిలుపు వచ్చింది. రిటైరైనా, సంతకం పెట్టినవాళ్ళు వచ్చి చెప్పాలి. ఆగస్టు 27, మంగళవారం తెల్లవారి బస్సుకు పోయాను. కోర్టు వరండాలో బెంచీ మీద నా పక్కన చోటుంటే ఒక మహిళా కానిస్టేబులు, తెల్లచీర కట్టుకున్న ఒకావిడ వచ్చి కూర్చున్నారు. ఆవిడకు దాదాపు నా వయసే. మెడలో నల్లదారానికి చిన్న శిలువ ఉంది. కానిస్టేబులు టీ తెప్పించింది.

“తాగవ్వా.”

“అవ్వ అంటావేందే నన్ను. నీకు అత్త వయసుదాన్ని.”

“అత్త అంటే నాకు భయమప్పా,” అంది కానిస్టేబులు.

ముగ్గురం నవ్వాము. నవ్వడం అయ్యాక ఆవిడెవరో నాకు అర్థమైంది. నేను చేతిలో పెట్టుకున్న సమన్లు చూసి ఆవిడకూ అర్థమైంది.

“నువ్వేనామ్మా, ఆ గుడ్డను సూసింది?”

“నేనే.”

“ఆడదానివే కదా. సూస్తే నీకు తెల్లేదా అది యా గుడ్డో?”

“తెలిసింది.”

“మరి ఏల రాయకపోతివి?”

“నన్ను అడగలేదమ్మా.”

ఆవిడ టీ గ్లాసులోకి చూస్తూ ఉంది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

“నన్నూ అడగలేదు. ‘రక్తం ఎట్ల వచ్చింది, ఎందుకు దాసినావు’ అని అడిగిరి. అడిగినోళ్ళంతా మొగోళ్ళే. నా అన్న కొడుకు వయసోళ్ళు. వాళ్ళ ముందర యాడ సెప్పేది ఆ మాట? వీధిలో ఆడోళ్ళంతా నిలబడి సూసిరి. అందరికీ తెల్సు. ఒగరూ నోరు మెదపల్యా. నా వకీలుకు సెప్దామంటే ఆయప్ప నన్ను పెద్దమ్మా అంటాడు. ఇంగ ఎట్ల సెప్తు?”

“ఇది చెప్పకపోతే నీకు యావజ్జీవం పడొచ్చు.”

“తెల్సు,” అంది. “సెప్తే మాత్రం నమ్ముతారా? దొరికిపోయినాక కథ అల్లినాదంటారు.”

ఆ మాట నిజం. లోపల నా పేరు పిలిచారు.

బోనులో నిలబడ్డాను. సర్కారు వకీలు మూడు ప్రశ్నలు అడిగాడు, మూడింటికీ అవునన్నాను. ఆవిడ తరఫు వకీలు కుర్రవాడు. సీళ్ళు సరిగ్గా ఉన్నాయా అని అడిగి కూర్చున్నాడు. నేను దిగలేదు.

“అయ్యా, ఒక మాట చెప్పాలి.”

“అడిగినదానికి చెప్పారు కదమ్మా,” అన్నారు జడ్జి.

“అడగనందుకే ఆమె నాలుగు వందల ఇరవై ఏడు రోజులు లోపల ఉంది. డీఎన్ఏ ఆ రక్తం ఎవరిదో చెప్పింది. శరీరంలో ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు. గాయం నుంచి వచ్చినా, మామూలుగా వచ్చినా డీఎన్ఏ ఒకటే. ఆ గుడ్డ ముట్టు గుడ్డ అని నా అభిప్రాయం. రిపోర్టులో రాయకపోవడం నా తప్పు.”

గదిలో నేను లెక్కపెట్టినంతలో పద్నాలుగు మంది మగవాళ్ళు ఉన్నారు. టైపు చేస్తున్న ఆయన చేతులు ఆగిపోయాయి.

“సార్, ఏమని కొట్టమంటారు?”

“ఆమె చెప్పినట్టే కొట్టు,” అన్నారు జడ్జి, తలెత్తకుండా.

నేను ఆవిడ వైపు చూశాను. కొంగు ముఖం మీదికి పూర్తిగా లాక్కుంది. పద్నాలుగు నెలలు ప్రాణం మీదికి తెచ్చుకుని దాచిన మాటను నేను నిమిషంలో అందరి ముందూ పరిచేశాను. బయటికి వచ్చాక ఆవిడ నాతో మాట్లాడలేదు. కానిస్టేబులు మాత్రం దాటిపోతూ నా చేయి గట్టిగా ఒకసారి నొక్కింది.

సర్కారు వకీలు వదల్లేదు. పాత అయోడిన్ పరీక్ష రుజువు కాదన్నాడు. అదీ నిజమే. కొత్త పరీక్ష చేసేవాళ్ళు ఉన్నారని నేను చెప్పాను. ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు నలభై దాటి, వేరే ఊళ్ళో పరిశోధనశాల నడుపుతున్న ఆవిడ ఉంది. జడ్జి ఉత్తర్వు మీద మిగిలిన మరకలోంచి నాలుగు చదరపు సెంటీమీటర్లు అక్కడికి పంపారు.

ఆ పరీక్ష ఎలాంటిదో ఆవిడ నాకు ఫోనులో చెప్పింది. నాకు తెలిసినంత ఇక్కడ రాస్తాను. మన శరీరంలో ప్రతి కణంలోనూ ఒకే పుస్తకం ఉంటుంది. చర్మంలో, ఉమ్మిలో, రక్తంలో అవే అక్షరాలు. అందుకే డీఎన్ఏతో మనిషిని పట్టగలం. కానీ ఏ కణమూ పుస్తకమంతా చదవదు. తనకు అక్కర్లేని పేజీల మీద సన్నటి గుర్తులు పెట్టి మూసేసుకుంటుంది. రక్త కణం మూసే పేజీలు వేరు, గర్భసంచి లోపలి పొర మూసేవి వేరు, నోటి లోపలి చర్మం మూసేవి వేరు. మూసిన పేజీలు ఏవో చూస్తే కణం ఏ చోటి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

“అంటే మడతలు చూడటమే,” అన్నాను.

“మీరు గుడ్డ మీద చూసినదే మేడం. మేము ఇంకొంచెం లోపల చూస్తాము. కానీ ఇది కొత్తది. నూటికి నూరు అని నేను రాయను.”

“రాయొద్దు. ఎంత తెలిస్తే అంతే రాయి. అడగనిది తెలిసినా రాయి.”

“మీరేనా ఈ మాట అంటున్నది?” అంది.

ఫలితం 2020 జనవరిలో వచ్చింది. మరకలో రక్తంతో పాటు గర్భసంచి పొర కణాలు ఉన్నాయి, నెలసరి రక్తం అనడానికే ఎక్కువ ఆధారం ఉంది, గాయపు రక్తం అనడానికి తక్కువ ఉంది అని రాసింది. శవం లేదు, సాక్షి లేడు. ఉన్న ఒక్క గుడ్డ కూడా చంపినదానికి గుర్తు కాకుండా పోయింది. ఫిబ్రవరి 5, బుధవారం ఆ అత్తను వదిలేశారు.

మార్చి 4న నేను ఆ ఊరికి పోయాను. క్షమాపణ చెప్పాలని పోయాను. ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూనే ఉన్నాను. వీధికి రెండు వైపులా బండల గోడలు ఎండలో నీళ్ళలా మెరుస్తున్నాయి. కల లోపలికి నడుస్తున్నట్టు అనిపించింది. ఆవిడ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉంది. వెనక ఇంటి పైకప్పులో రెండు బండలు లేవు. సోదాకు వచ్చినవాళ్ళు లేపితే పగిలాయట. ఆ ఖాళీలోంచి ఎండ పడి, లోపల నేల మీద పలక వెలిగించినట్టు ఉంది.

“దావ తెల్సుకోని వచ్చినావే,” అంది. చెంబుతో నీళ్ళు ఇచ్చింది.

“ఆ రోజు అంతమందిలో ఆ మాట అనేశాను.”

“అంటివి. నేను బయటికొస్తి. సరిపాయ.” ఖాళీ చెంబు అందుకుంటూ అంది, “మొదటి వారం ఆడోళ్ళు నన్ను సూసి తల దించుకునిరి. ఇప్పుడు ఏం ల్యా.”

నేను అడగకుండానే మిగిలింది చెప్పింది. ఇది నేను నోటుబుక్కులో అక్కడే రాసుకున్నాను.

“ఆ పొద్దు ఆ పిల్ల గుడ్డ ఉతికి గోడ మీద ఎండకేసింది. బయటికే, పదిమంది నడిసే దావలో. నేను అరిసినా. సిగ్గు ల్యాదా, మొగోళ్ళు సూస్తారు అని. అదేమో, ‘ఎండకేస్తేనే మంచిదత్తా, రోగం రాదు, బడిలో సెప్పినారు’ అనె. నేను ఇంగా అరిస్తి. నా నోరు శానా పెద్దది. గోడ మీద గుడ్డ లాగి దాని మొగాన కొడ్తి.”

చెంబు అంచు వేలితో రుద్దుతూ ఉండిపోయింది.

“పొద్దున లేసి సూస్తే పిల్ల ల్యా. గుడ్డ నడవలో పడుండాది, రేత్రి మళ్ళా కట్టుకోని ఇప్పినట్టుండాది. మరకగుడ్డనే. మడిసి సందులో పెడ్తి. వస్తే కావాల్సొస్తాది కదా అని. సీర సింపేదానికి ఇంట్లో పాతది గూడా ల్యా అప్పుడు.”

“ఎక్కడికి పోయి ఉంటుందనుకుంటావు?”

“యాడో ఉండాది. ఎండకేసే సోట ఉండాది,” అంది.

కోడలు చావలేదని ఆ గుడ్డ చెప్పలేదు. అక్కడ గాయం లేదని మాత్రమే చెప్పింది. నా పరీక్షలు గుడ్డ దాకే పోతాయి, గుడ్డ వదిలి పోయిన మనిషి దాకా పోవు. ఆవిడకు అది చెప్పాల్సిన పని లేదు. అడగనిది చెప్పకూడదన్న నా పాత పద్ధతి ఆ ఒక్కచోట పనికొచ్చింది.

లేచి వస్తుంటే ఇంటి పక్క గోడ మీద ఒక గుడ్డ ఆరుతూ కనబడింది. పక్కింటి కోడలిదట. దాని మీద ఏమీ కప్పలేదు. ఆవిడ అటు చూసి, చూడనట్టు ముఖం తిప్పుకుంది. అరవలేదు.

ఆ కల తర్వాత రాలేదు. వస్తే బాగుండునని కొన్ని మధ్యాహ్నాలు అనిపిస్తుంది.

ఇవాళ పాత డైరీలు తీసి లెక్క మళ్ళీ ఒకసారి సరిచూశాను. పోయినవి ఇవి.

జైల్లో రోజులు 589. పట్టుకున్న రోజు కూడా కలిపితే 590.

అందులో నా సంతకం తర్వాతివి 484.

ఆవిడ చర్చికి పోలేకపోయిన ఆదివారాలు 84.

పై బండలు రెండు.

చిలకపచ్చ చీర ముక్క ఒకటి. నాకు, పై అంతస్తుకు, కొత్త పరీక్షకు కలిపి కత్తిరించింది పది చదరపు సెంటీమీటర్లు. మిగిలింది తిరిగి ఇవ్వలేదు.

కోడలు ఒకరు.